జగర్గుండాలో ఆటల కాలం

చింతూరు దాటి, కొంటా మీదుగా జగ్దల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద దోర్నపాల్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడ ఎడమచేతి వైపు తిరిగి 56 కిలోమీటర్లు వెళితే జగర్గుండా. దారి పొడవునా కనిపించే ఊరి బోర్డులు హిందీలో ఉంటాయిగానీ, చదివితే మాత్రం తెలుగు చెవికి కొత్తగా అనిపించవు. పోలంపల్లి, చింతగుఫా, బుర్కపాల్, చింతల్‌నార్, నర్సాపురం. నార్ అంటే గోండిలో ఊరు. చింతలున్న ఊరు చింతల్‌నార్. రెండు భాషలు కలిసి పేరు పెట్టుకున్న నేల ఇది. దేశానికి మాత్రం ఈ పేర్లన్నీ చావుల లెక్కలతోనే తెలుసు. 2010 ఏప్రిల్ 6న చింతల్‌నార్ దగ్గర తాడ్‌మెట్ల అడవిలో 76 మంది జవాన్లు, 2017 ఏప్రిల్ 24న బుర్కపాల్‌లో 25 మంది, 2021 ఏప్రిల్ 3న టేకుల్‌గుడా దగ్గర 22 మంది. అటువైపు పోయిన ఊరివాళ్ల లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటుంది.

ఇలాంటి చోటికి నాటకాల సంగతి కనుక్కోవడానికి వెళ్లడమేమిటని ఎవరైనా అడగొచ్చు. కానీ గత నలభై ఏళ్లలో ఈ ఏరియాలో రాజ్యం చేయాలనుకున్న ప్రతివాళ్లూ ముందుగా చేసిన పని ఇక్కడి జనంతో ఆడించడం, పాడించడం. దేవుడి పేరిట ఒకటి, పార్టీ పేరిట ఒకటి, ఇప్పుడు ప్రభుత్వం పేరిట ఒకటి. ఒక్కొక్కరికీ ఒక్కో క్యాలెండరు, ఒక్కో వేదిక. అందులో ఒక వేదిక ఇప్పుడు దాదాపు ఖాళీ అయిపోయింది. రాబోయే చలికాలం, ఆ వెనకే వచ్చే ఫాల్గుణం ఇక్కడ ఎవరి ఆటతో గడుస్తాయన్నది అందుకే చిన్న విషయం కాదు.

ముందు ఊరి గురించి. జగర్గుండా మారుమూల పల్లె అన్న మాట పాతికేళ్ల కిందట చెబితే అక్కడివాళ్లు నవ్వి ఉండేవాళ్లు. మూడు దారులు కలిసే కూడలి అది. తూర్పున దోర్నపాల్, ఉత్తరాన అరన్‌పూర్ మీదుగా దంతేవాడ, పడమట బాసగూడ మీదుగా బీజాపూర్. చింతపండు, ఇప్పపువ్వు అమ్మడానికి చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడి సంతకే దిగేవి. ఊళ్లో గ్రామీణ బ్యాంకు శాఖ కూడా ఉండేది. 2001లో మావోయిస్టుల దోపిడీ తర్వాత అది మూతపడింది. 2005లో సల్వా జుడుం మొదలైంది. ఆ తర్వాత ఏడాది రెండేళ్లలో ఊరు శిబిరంగా మారిపోయింది. చుట్టూ ముళ్లకంచె, పొద్దున తెరిచి సాయంత్రం మూసే గేటు, నెలల తరబడికి సరిపడా రేషన్ మోసుకుని సాయుధ బలగాల కాపలాతో వచ్చే లారీల కాన్వాయ్. పిల్లల చదువు దోర్నపాల్‌కు తరలిపోయింది. సల్వా జుడుం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. కంచె మాత్రం ఆ మర్నాడే లేచిపోలేదు. 2012లో దంతేవాడ జిల్లాను చీల్చి సుక్మా జిల్లా చేశారు, జగర్గుండా అందులోకి వచ్చింది. మూతపడిన బడులు ఊళ్లో మళ్లీ తెరుచుకున్నది 2019 జూన్‌లో, పదమూడేళ్ల తర్వాత. బ్యాంకు అయితే 2025 మే 18న. ఈసారి ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ, రాష్ట్ర ఆర్థిక మంత్రి వచ్చి ప్రారంభించారు.

బడి, బ్యాంకు తిరిగొచ్చిన తేదీలు ప్రభుత్వ ఫైళ్లలో ఉంటాయి. ఆట తిరిగొచ్చిన తేదీ ఏ ఫైల్లోనూ ఉండదు. కోయల, దోర్లల, మురియాల దేవుళ్లు శిబిరాల్లోకి తరలివచ్చే రకం కాదు. వాళ్ల స్థానం ఊరి పొలిమేర, ఊరి చెట్టు, ఊరి అడవి. ఊరే శిబిరానికి వచ్చేస్తే దేవుడు వెనకాల ఒంటరిగా మిగిలాడు. దేవుడు లేని చోట పండుం లేదు. పండుం లేకపోతే ఆట లేదు.

పండుం అంటే మన పండుగే. కోయ మాట. విత్తనాలు చల్లే ముందు విజ్జ పండుం, కొత్త పంట తినేటప్పుడు కొత్త పండుం, ఇప్పపువ్వు రాలే కాలంలో ఇప్ప పండుం. భద్రాచలం, చింతూరు, కూనవరం వైపు తిరిగిన వాళ్లకు ఇవి తెలిసే ఉంటాయి. ఎండాకాలంలో ఆ రోడ్లమీద కారుకు అడ్డంగా తాడు పట్టుకుని, పాట పాడి, పది రూపాయలు పుచ్చుకుని గానీ వదలని ఆడవాళ్ల గుంపు ఎదురుపడకుండా ఉండదు. పట్నం వాళ్లు దాన్ని వసూలు అనుకుని విసుక్కుంటారు. నిజానికది ఆ పండుంలో ఒక అంకం. మగవాళ్లు వేటకు పోతే ఊరి దారులు ఆడవాళ్ల చేతికి వస్తాయి. వేటనుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాణ్ణి ఎగతాళి చేసే హక్కు కూడా ఆ రోజుల్లో వాళ్లదే. పాత్రలు ఖాయం, సందర్భం ఖాయం, మాటలు మాత్రం అప్పటికప్పుడు పుట్టేవి. దీన్ని నాటకం అనకపోతే వీధి నాటకానికి మనం ఇచ్చుకున్న నిర్వచనమే మార్చుకోవాలి.

సమాజమంతా కలిసి ఆడే నాటకం అంటే తెలుగువాడికి వెంటనే గుర్తొచ్చేది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా కీచకవధ ఆడిన తోలుబొమ్మలాట కుటుంబాలు ఆ తర్వాత తరాల తరబడి నాటకమే ఇల్లుగా బతికాయి. అక్కడ పుట్టిన పిల్ల ఉయ్యాలలోంచే రంగస్థలం మీదికి వస్తుంది. అయినా సురభిలో ఒక గీత ఉంది. తెర ఇవతల టిక్కెట్టు కొన్నవాడు, తెర అవతల ఆడేవాడు. కోయల ఆటలో ఆ గీత ఉండదు. గోదావరి ఒడ్డు కోయల్లో డోలీలు అనే కథకుల తెగ ఉంది. గుడ్డమీద బొమ్మలు గీసిన పగిడెలు విప్పి, కంచుమేళం, డోలి మోగిస్తూ ఒక్కో గట్టు వాళ్ల వంశకథ పాడతారు. ఈ విద్యకే మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన చనిపోయారు. సమ్మక్క కథ, పగిడిద్దరాజు కథ ఆయన చెబుతుంటే వింటున్నవాళ్లలో ఎవరో ఒకరు ఆ కథలోని మనిషికి వారసులే. ప్రేక్షకుడు అనే ఉద్యోగం అక్కడ లేదు.

జగర్గుండాకు దగ్గర్లో ఒక పద్ధతి ప్రకారం, రోజుకొక ఆట చొప్పున సాగే నాటకాల వరుస చూడాలంటే అరన్‌పూర్ దారి పట్టుకుని దంతేవాడ వెళ్లాలి. శంఖిని, డంకిని కలిసేచోట దంతేశ్వరి గుడి ఉంది. మనకు చుట్టరికమున్న గుడే. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అడవిదారిన బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. ఆ వంశపు ఇలవేల్పే దంతేశ్వరి. హోలీకి ముందు ఫాల్గుణ శుద్ధంలో అక్కడ ఫాగున్ మండయి జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వందల సంఖ్యలో దేవుళ్లు దానికి తరలివస్తారు. పటాల్లో కాదు, గొడుగులుగా, జెండా కర్రలుగా, మనుషులు భుజాన మోసే దుంగలుగా. ఆంగాదేవ్ అనే ఆ దుంగల దేవుడు మోసేవాళ్ల మాట వినడు. తనకు నచ్చిన దిక్కుకు లాక్కుపోతాడు. దేవుళ్లలో బావామరుదులు, వియ్యపురాళ్లు, పాత పగలు అన్నీ ఉంటాయి. వాళ్లు కలుసుకునే ఏడాది సంత అది.

ఈ మండయి కార్యక్రమాన్ని కరపత్రంగా అచ్చువేస్తే ఏ నాటక పరిషత్తు ఆహ్వానపత్రికకూ తీసిపోదు. మొదట కలశస్థాపన. తర్వాత తాటాకులు కోనేట్లో కడిగి దాచే తంతు. చివర్లో హోలీ మంట అంటుకునేది ఆ ఆకులతోనే. ఖోర్‌ఖుందనీ, నాచ్‌మాండనీ అయ్యాక అసలు ఆటలు మొదలవుతాయి. లమ్హామార్, అంటే కుందేలు వేట. కొడ్రీమార్, కొండగొర్రె వేట. చీతల్‌మార్, చుక్కల దుప్పి వేట. ఆఖరిది, అందరూ ఎదురుచూసేది గవర్‌మార్, అడవిదున్న వేట. మనుషులే జంతువులవుతారు, మనుషులే వేటగాళ్లవుతారు. జంతువు వేషం కట్టినవాడు జనంలోకి దూరిపోతాడు, దాక్కుంటాడు, దొరికినట్టే దొరికి తప్పించుకుంటాడు. వేటగాళ్లు వెతుకుతారు, పొరపాటుపడతారు, జనం నవ్వుతారు. రాత్రి గడిచేకొద్దీ జంతువు పెద్దదవుతుంది, ఆట బరువెక్కుతుంది. కుందేలుతో మొదలుపెట్టి దున్నతో ముగించడంలో ఉన్న నాటకీయత ఎవరో ఒక దర్శకుడు కూర్చుని ఆలోచించింది కాదు. ఎన్ని తరాల అనుభవమో అది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం. అంటే ఒకప్పుడు వేటకు ముందో వెనకో జరిగిన ఆట ఇప్పుడు వేటకు బదులు జరుగుతోంది. అడవిదున్నను చూడని కుర్రాడు అడవిదున్నలా కదలాలి. దండామి మారియాలు కొమ్ముల టోపీ పెట్టుకుని ఒకరినొకరు కుమ్ముకునే నాట్యానిదీ ఇదే పరిస్థితి. తాత నడక చూసి తండ్రి, తండ్రి నడక చూసి కొడుకు నేర్చుకోవలసిందే. మధ్యలో ఒక తరం శిబిరంలో పెరిగితే ఏమవుతుంది? జగర్గుండా కంచెలో 2006లో పుట్టిన పిల్లకు ఇప్పుడు ఓటు హక్కు ఉంది. ఆమెకు పండుం ఏమాత్రం తెలుసు?

రెండో వేదిక గురించి చెప్పుకునేటప్పుడు తెలుగువాళ్లం కొంచెం సర్దుకుని కూర్చోవాలి. ఎందుకంటే అది ఇక్కడినుంచి వెళ్లిందే. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగవతాన్ని రాజకీయానికి పనికొచ్చేలా మలిచింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ నాటకం తెలంగాణ పోరాటాన్ని ఆంధ్ర పల్లెలకు మోసుకెళ్లింది. 1972లో హైదరాబాద్‌లో వచ్చిన జననాట్యమండలి గోచీ, గొంగడి, గజ్జెలతో ఆ పనిని ఇంకో మెట్టు ఎక్కించింది. 1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి బస్తర్ అడవుల్లోకి వెళ్లినప్పుడు తుపాకీతోపాటు ఈ విద్య కూడా వెంట వెళ్లింది. అక్కడ దాని పేరు చేతనా నాట్య మంచ్.

తెలుగు బాణీ అక్కడ అట్లాగే పనిచేయలేదు. రేలా పాట బాణీలో గోండి మాటలు పడ్డాకే జనం అందుకున్నారు. ఊరూరా ఆడపిల్లలతో, మగపిల్లలతో కళాబృందాలు తయారయ్యాయి. ఫారెస్టు గార్డు, సారా కాంట్రాక్టరు, తునికాకు వ్యాపారి, పోలీసు అనే పాత్రలతో చిన్న నాటికలు. దండకారణ్యంలో తమకు పది వేల మంది సభ్యులున్నారని ఆ సంస్థవాళ్లు 2010లో అడవికి వెళ్లిన అరుంధతీ రాయ్‌కి చెప్పుకున్నారు. లెక్క ఎంత నిజమైనా, అంతమంది ఆడి పాడే నాటక సంస్థ దేశంలో ఇంకొకటి ఉండి ఉండదు. దానికీ ఒక సీజన్ ఉండేది. ఫిబ్రవరి 10న భూమ్‌కాల్ దినం, 1910లో గుండాధుర్ నాయకత్వాన బ్రిటిష్‌వాళ్ల మీద బస్తర్ తిరగబడ్డ రోజు గుర్తుగా. జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా అమరవీరుల వారం. డిసెంబరు 2 నుంచి 8 దాకా గెరిల్లా సైన్యం వారం. ఆ రోజుల్లో కిరండూల్ వెళ్లే ప్యాసింజరు రైలును రాత్రిపూట దంతేవాడలోనే ఆపేయడం రైల్వేకి మామూలైపోయింది. నాటకోత్సవం జరుగుతోందని రైలు ఆపేసే చోటు ప్రపంచంలో ఇంకెక్కడుంటుంది?

ఆ వేదిక బలం చిన్నది కాదు. గోండి మాట్లాడినందుకు బడిలో సిగ్గుపడ్డ పిల్లకు అదే భాషలో వేల మంది ముందు నిలబడి పాడే అవకాశం ఇచ్చింది అదొక్కటే. ఈ మాట ఒప్పుకోకుండా బస్తర్ కళల గురించి రాసేదంతా సగమే. మిగతా సగమూ చెప్పాలి. ఆ నాటకాల్లో ముగింపు ఎప్పుడూ ఒక్కటే. ప్రేక్షకుడు రాకుండా ఇంట్లో కూర్చునే స్వేచ్ఛ ఎంతన్నది అనుమానమే. అదే ఊరి మైదానంలో, అదే జనాన్ని కూర్చోబెట్టి నడిపిన జన్ అదాలత్‌లు కూడా ప్రదర్శనలే. ఇన్‌ఫార్మర్ అని ముద్రపడ్డ మనిషి అక్కడ నటించలేదు, నిజంగానే చచ్చిపోయాడు. రాత్రి పాట పాడిన గొంతులు పొద్దున ఆ తీర్పుకు నినాదం ఇవ్వవలసి వచ్చింది. ఊళ్లలో స్తూపాలు లేచాయి, వాటి చుట్టూనే ఏటా ఆటలు. బలగాలు వచ్చాక కూల్చింది ముందు వాటినే.

ఆ మంచ్‌కు దండకారణ్యంలో నాయకత్వం వహించిన మనిషి హైదరాబాద్ శివార్లవాడు. జననాట్యమండలిలో గద్దర్‌తో కలిసి పాడినవాడు. అడవిలో ఆయన్ని లెంగు దాదా అన్నారు. లెంగ్ అంటే గోండిలో గొంతు. 2025 జులైలో ఆయన భార్యతో కలిసి రాచకొండ పోలీసుల ముందు లొంగిపోయారు. అదే ఏడాది అక్టోబరు 17న జగ్దల్‌పూర్‌లో 210 మంది ఒకేసారి ఆయుధాలు అప్పగించారు. వేదిక మీద మాంఝీ, చాల్కీ పెద్దలు నిలబడి ఒక్కొక్కరికీ గులాబీ, రాజ్యాంగ ప్రతి ఇచ్చారు. అదీ దర్శకత్వమున్న దృశ్యమే. నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా చనిపోయాడు. శవం జగర్గుండా ఏరియాలోని సొంతూరు పువర్తికి చేరినప్పుడు జనం పెద్ద ఎత్తున వచ్చారు. అది దుఃఖమా, భయమా, కుతూహలమా, చుట్టరికమా అని టీవీ చర్చల్లో కొన్నాళ్లు వాదించుకున్నారు. ఊరి మనిషి చనిపోతే ఊరు రావడం అక్కడ ఆచారం. బయటివాళ్లు దాన్ని ఎవరి కథలో ఇరికించాలా అని చూశారు.

ఈ రెంటి మధ్యలో ఇంకో చిన్న వేదిక వచ్చి పోయింది. జగర్గుండా, బాసగూడ మధ్య సిల్గేర్‌లో 2021 మేలో కొత్త క్యాంపు వద్దని జనం కూర్చున్నారు. మే 17న పోలీసు కాల్పుల్లో ముగ్గురు పోయారు. ఆ తర్వాత నెలలు కాదు, ఏళ్లు సాగింది ఆ దీక్ష. ఆకుల పందిళ్లు, వంతులవారీగా వంటలు, చదువుకున్న కుర్రాళ్ల ఉపన్యాసాలు, సాయంత్రం డోళ్లు, గుంపు నాట్యాలు. దాన్ని నడిపిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. మావోయిస్టుల ముసుగు సంస్థ అని ప్రభుత్వం, కాదు మా ఊళ్ల పిల్లలే అని వాళ్లు. ఆ వివాదం అలా ఉంచితే, తుపాకీ పట్టని ఒక తరం తన మాట తాను చెప్పుకోవడానికి కట్టుకున్న పందిరి అది. అది కూడా పోయింది.

ఇక మూడోది, ప్రస్తుతం నడుస్తున్నది బస్తర్ పండుం. పేరు చూడండి. ఊళ్లో చెట్టు కింద ఉన్న మాటను రాష్ట్ర ప్రభుత్వం తెచ్చి ఫ్లెక్సీ మీద పెట్టింది. (2025 నవంబరులో జగ్దల్‌పూర్‌లో లొంగిపోయినవాళ్లు, బాధిత కుటుంబాలవాళ్లు కలిసి నడిపేలా తెరిచిన కాఫీ హోటలు పేరు కూడా పండుం కెఫేనే.) 2025లో మొదలైన ఈ పోటీలు మొదట బ్లాకు స్థాయిలో, తర్వాత జిల్లా స్థాయిలో, చివరికి డివిజన్ స్థాయిలో జరిగాయి. ముగింపు ఏప్రిల్ 5న దంతేవాడలో, కేంద్ర హోంమంత్రి సమక్షంలో. మొదటి ఏడాది ఏడు విభాగాలు. నాట్యం, పాట, నాటకం, వాయిద్యాలు, వేషం నగలు, చేతిపనులు, తిండి పానీయాలు. 2026కు విభాగాలు పన్నెండయ్యాయి.

డబ్బు ఖర్చుపెట్టి కళాకారుల్ని పోగుచేయడాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ఇరవై ఏళ్లు ఎవరూ అడగని చోట ఎవరో ఒకరు డోలు తీసుకురమ్మన్నారు, అది మంచిదే. చిక్కంతా ఆ విభాగాల పట్టికలో ఉంది. నాటకం అని ఒక గడి, పాట అని ఒక గడి, నాట్యం అని ఇంకొకటి. బస్తర్ ఉత్తర, తూర్పు భాగాల్లో భత్రా తెగకు నాట్ అనే ప్రక్రియ ఉంది. ఒడిషా ప్రభావంతో వచ్చిన, రామాయణ భారత కథలతో రాత్రంతా ఆడే నిఖార్సైన నాటకం. నాట్‌గురువు ఉంటాడు, పాత్రలుంటాయి, సంభాషణలుంటాయి. నాటకం గడిలో అది చక్కగా ఇముడుతుంది. జగర్గుండా కోయలు, దోర్లలు ఆ గడిలో ఏం పెడతారు? దారికడ్డంగా తాడు పట్టుకున్న ఆడవాళ్లనా? వాళ్ల దగ్గర ఆట, పాట, పూజ, వేట, వెక్కిరింత వేరుచేసి లేవు. గడికి తగ్గట్టు కోస్తే గడి నిండుతుంది, ఆట చస్తుంది. ప్రైజు కోసం దున్నకొమ్ముల టోపీ ఇంకాస్త మెరవాలి, అడుగులు ఒకేలా పడాలి, మైకులో హిందీ వ్యాఖ్యానం నడవాలి. మన అరకు ధింసాకు ఏమైందో చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఛత్తీస్‌గఢ్ నాటకం అంటే దేశానికి ఇప్పటికీ హబీబ్ తన్వీర్ పేరే తెలుసు. రాయ్‌పూర్‌వాడైన తన్వీర్ మైదానపు నాచా కళాకారుల్ని వాళ్ల యాసతో, వాళ్ల నడకతో తెచ్చి నిలబెట్టి 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ చేశాడు. బస్తర్ మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న సొంత ప్యాలెస్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఉదంతం ఆధారంగా ‘హిర్మా కీ అమర్ కహానీ’ కూడా ఆయనే రాశాడు. గొప్ప పని. అయినా ఆ నటులు మైదానంవాళ్లు, భాష మైదానపు భాష. అడవి తన కథను తన గోండిలో ఢిల్లీ వేదిక మీద చెప్పిన రోజు ఇంకా రాలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కోయ నాటకం పరిస్థితీ అంతకన్నా మెరుగ్గా లేదనుకోండి. నంది నాటకాల జాబితాలు తిరగేస్తే గిరిజనుడు పాత్రగా బోలెడుసార్లు కనిపిస్తాడు, నటుడిగా, రచయితగా వెతుక్కోవాలి.

చూడాలనుకుని వెళ్లేవాళ్లకు కొన్ని సంగతులు. దంతేవాడ ఫాగున్ మండయికి విశాఖ నుంచి కిరండూల్ రైలు ఉంది, గుడి ఊళ్లోనే. జనంలో కలిసి చూడొచ్చు, ఆటల రాత్రులకు మాత్రం ఓపిక కావాలి. మొదలవడానికి గడియారం లెక్కకాదు. జగర్గుండా వైపు వెళ్లాలంటే పగటిపూట వెళ్లి చీకటిపడే లోపు దోర్నపాల్‌కో దంతేవాడకో వచ్చేయడం మేలు. దారి ఇప్పుడు పక్కాగా ఉంది. ఆ దారి వేయడానికి ఎంతమంది చనిపోయారో తలుచుకుంటే కారు వేగం దానంతటదే తగ్గుతుంది. అరన్‌పూర్ వైపూ అంతే. 2023 ఏప్రిల్ 26న అక్కడ మందుపాతరకు పదిమంది పోలీసులు, ఒక డ్రైవరు బలయ్యారు. క్యాంపుల దగ్గర ఆపి ప్రశ్నలు వేస్తారు, ఓపిగ్గా చెప్పాలి. ఊళ్లో ఏదైనా పండుం జరుగుతుంటే కెమెరా తీసేముందు పెద్దను, పూజారి పెర్మను అడగాలి. వద్దంటే వద్దనే.

జగర్గుండా పిల్లలు రాబోయే ఫాల్గుణంలో దంతేవాడ ఆటకు వెళతారా అన్నదానికి జవాబు దేవుడి చేతిలోనూ లేదు, పార్టీ, ప్రభుత్వాల చేతుల్లోనూ లేదు. చాలామటుకు అది మన చేతుల్లో ఉంది. ఇక్కడి వరికోతలు డిసెంబరుకు అయిపోతాయి. ధాన్యం ఇంటికొచ్చాక, చేతిలో కాస్త తీరిక, కుండలో కాస్త కల్లు ఉన్నాక, అప్పుడు మొదలవుతుంది ఆటల కాలం. సరిగ్గా ఆ కాలానికే ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాల్లో మిర్చి ఎర్రబారుతుంది. సుక్మా, బీజాపూర్, దంతేవాడల నుంచి వయసు పిల్లలంతా కాయ ఏరడానికి గోదావరి దాటి వస్తారు. సల్వా జుడుం నాళ్లలో పారిపోయి వచ్చి గుత్తికోయలన్న పేరుతో ఇక్కడే అడవంచున గుడిసెలు వేసుకున్న బంధువులు వాళ్లకు దారి చూపించారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేలనుంచి కాలినడకన బీజాపూర్ బయల్దేరి ఇల్లు చేరకుండానే చనిపోయిన పన్నెండేళ్ల పిల్ల సంగతి పేపర్లలో వచ్చింది. కూలీలో కొంత డబ్బుగా, కొంత మిరపకాయలుగా తీసుకుని ఉగాది దాటాక తిరిగి వెళతారు. అప్పటికి హోలీ అయిపోతుంది. గవర్‌మార్ అయిపోతుంది. దేవుళ్లు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు.

కోతలకూ మిర్చి మేస్త్రీల బండ్లు ఊళ్లోకి రావడానికీ మధ్య దొరికేది నాలుగైదు వారాలు. అందులోనే ఒక వారం బస్తర్ పండుం పోటీల రిహార్సల్స్‌కు పోతుంది.